మిట్ట బీడులో గడ్డి: పోయిన కథ, వచ్చిన కథ

ఈ పుస్తకం ముందు పేజీల్లో ఎనుముల అప్పుల పట్టిక ఉంది, పాల కేంద్రం పట్టిక ఉంది, బీమా పట్టిక కూడా ఉంది. గడ్డి లెక్క మాత్రం ఏ పట్టికలోనూ లేదు. ఎనుము కొనడానికి సమాఖ్య అప్పిచ్చింది, బ్యాంకు అప్పిచ్చింది. కొన్న ఎనుము పొద్దున లేచి ఏం తినాలనేది ఇంట్లో ఆడమనిషి చూసుకునే పని అని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే మనమూ అట్లాగే అనుకున్నాం. కిందటేడు మండల సమాఖ్య సమావేశంలో ఒక అక్క లేచి అడిగింది: "అప్పు నెలనెలా కడుతున్నా, అది మీ పుస్తకంలో ఎక్కుతుంది. కసువు మోపు కోసం రోజూ వంక దాటి పోయి వస్తున్నా, అది యాడ ఎక్కుతుంది?" ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఈసారి వార్షిక నివేదికలో మన మిట్ట బీడు చరిత్ర రాద్దామని కూర్చున్నాం. ముసలమ్మలను అడిగి తెలుసుకున్నది కొంత, పుస్తకాలు చదివినవాళ్లు చెప్పింది కొంత, మేము చేసి చెడిపింది కొంత.

మిట్ట బీడు ఎక్కడుందో మన ఊళ్ల వాళ్లకు చెప్పక్కరలేదు. ఊరికి పైన, గుట్ట కింద, చెరువులోకి వచ్చే వంకకు రెండు పక్కలా ఉంది. రెవెన్యూ కాగితంలో దాని పేరు పశువుల మేత పోరంబోకు. తెలంగాణలో ఇట్లాంటి భూమిని బంచరాయి అంటారు. మన అమ్మమ్మలు చెప్పేదాన్ని బట్టి ఒకప్పుడు అక్కడ గడ్డి లేగదూడ కనపడనంత ఎత్తు పెరిగేది. కార్తీక మాసంలో కోసి, ఎండబెట్టి, ఇంటింటికీ ఒక చిన్న వామి వేసుకునేవాళ్లు. వేసవికి అదే ఆధారం. మేము పెళ్లై ఈ ఊళ్లకు వచ్చేసరికి అక్కడున్నది రాయి, నేలకు అంటుకుపోయిన గరిక, మిగతా అంతా సర్కారు తుమ్మ.

ఎందుకు పోయిందని ఎవరిని అడిగినా "వానల్లేక" అంటారు. సీమలో ఆ మాట అంటే ఎవరూ కాదనరు. కానీ ఒక్క సంగతి చూడండి. అదే వాన పడే బీడులో, ముళ్లపొద నడుమ, జీవాల మూతి అందని చోట గడ్డి మోకాలెత్తు ఉంటుంది. పొద బయట గోరంత కూడా ఉండదు. వాన రెండు చోట్లా ఒకటే పడింది కదా.

గడ్డి పోయిన కథ చాలా వెనక నుంచి మొదలవుతుంది. 1800లో నిజాం మన సీమ జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్న పేరు అట్లా వచ్చిందే. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలం పొలం కొలిపించి, ఎవరి పేరున ఎంత శిస్తో రాయించాడు. సాగు చేసే నేలకు మనిషి పేరు పడింది. సాగు కాని బీడు, గుట్ట, వంక సర్కారు పద్దులోకి పోయాయి. అంతకుముందు అంతా బాగుండేదని మేము అనడం లేదు. బీడులో ఎవరి గొడ్లు ముందు మేయాలి, ఎవరి గొడ్లు వెనక మేయాలి అనేది ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లే చెప్పేవాళ్లు, మాల మాదిగ ఇళ్ల ఆవుకు ఎప్పుడూ ఆఖరు వంతే. అయినా ఆ బీడు తమదని ఊరు అనుకునేది. సర్కారుదని తేలాక దాన్ని కాపాడే బాధ్యత ఎవరికీ లేకుండా పోయింది, తినే హక్కు మాత్రం అందరికీ మిగిలింది.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు, ఇంకా దక్షిణాన చాలా జిల్లాలు ఎండిపోయాయి. మన పెద్దల నోట ఇప్పటికీ వినపడే కరువు అదే. ఏ కరువులోనైనా మనిషి కంటే ముందు పశువు పోతుంది. గడ్డి లేక గొడ్లు చనిపోతే తర్వాత వాన పడినా దున్నడానికి ఎద్దు ఉండదు, పాలివ్వడానికి ఆవు ఉండదు. అట్లా ఒక ఏటి కరువు నాలుగేళ్లు నిలుస్తుంది.

సరిగ్గా ఆ కరువు నడుమనే మన జిల్లాలో ఇంకొకటి జరిగింది. దాని ఫలితం ఈ రోజుకూ మన కాళ్లలో గుచ్చుకుంటోంది. మద్రాసు రాజధానిలో అడవుల పెద్ద అధికారిగా ఉన్న బెడోమ్ అనే దొర, ఎండకు తట్టుకుని త్వరగా పెరిగే వంటచెరకు చెట్టు కావాలని, బయటి దేశం నుంచి విత్తనం తెప్పించమని 1876లో రాశాడు. జమైకా నుంచి విత్తనం వచ్చింది. 1877లో మన కమలాపురంలో నాటారు. అదే సర్కారు తుమ్మ. పేరులోనే ఎవరు తెచ్చారో ఉంది. దాని కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి గొడ్లు, మేకలు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు, పేడలో పడి మళ్లీ మొలుస్తుంది. కొట్టేస్తే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. దాని కింద గడ్డి బతకదు. ఒక్కమాట మాత్రం ఆ చెట్టు తరఫున చెప్పాలి. మనలో సగం ఇళ్లలో గ్యాసు వచ్చేదాకా పొయ్యి వెలిగింది దానితోనే. కొందరు అక్కలు బొగ్గు కాల్చి పిల్లలను చదివించారు. దాన్ని తిట్టేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. లంకమల, పాలకొండలు, నల్లమల, శేషాచలం వైపు కొండలు ఒక్కొక్కటే రిజర్వు అడవులయ్యాయి. లోపలికి గొడ్లను తోలాలంటే తలకింత అని కట్టాలి. దానికి జనం పెట్టుకున్న పేరు పుల్లరి. పుల్లు అంటే గడ్డి. మేకల మీద అధికారులకు మరీ కోపం, చిగురు కొరికేస్తాయని చాలా చోట్ల అసలే రానివ్వలేదు. పుల్లరి కట్టలేనివాళ్లు ఏం చేశారు? జీవాలను అమ్ముకోలేదు. ఊరి పక్క బీడులోకి తోలారు. కొండంతా మేసేవి వచ్చి చిన్న బీడు మీద పడ్డాయి. గడ్డికి ఊపిరి తీసుకునే సందు లేకపోయింది.

ఈ పుల్లరి మీదే 1921, 22 సంవత్సరాల్లో జనం తిరగబడ్డారు. అప్పటి కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ, గుంటూరు జిల్లా పల్నాడులోనూ పుల్లరి కట్టకుండానే గొడ్లను అడవిలోకి తోలారు. పల్నాడులో అధికారులకు నీళ్లు, బియ్యం, మనిషి సాయం ఏదీ అందకుండా ఊళ్లు కట్టడి చేశాయి. పశువులను పట్టుకుపోవడానికి బలగం వచ్చినప్పుడు ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు చనిపోయాడు. మన పిల్లల పాఠాల్లో అది స్వాతంత్ర్యం కథగా ఉంటుంది, నిజమే. గడ్డి కథగా కూడా దాన్ని చదవొచ్చు. ఒక రూలు పెట్టేటప్పుడు, దానివల్ల మేత పోయేవాళ్లను అడగకపోతే ఏమవుతుందో అందులో ఉంది. ఈ మాట కింద మళ్లీ వస్తుంది, ఎందుకంటే మేమే అట్లాంటి పని చేశాం.

స్వాతంత్ర్యం తర్వాతి భాగం త్వరగా చెప్పేస్తాం. బీడుల్లో మంచి నేల ఉన్న చోట భూమి లేనివాళ్లకు పట్టాలిచ్చారు. మన సభ్యుల్లో ఎంతోమందికి ఉన్న ఎకరా, ఎకరన్నర అట్లా వచ్చిందే. ఆ భూమి చేయి మారకూడదని 1977లో చట్టం కూడా చేశారు. పేదల చేతికి నేల రావడం తప్పని మేము రాయం, ఎవరు రాసినా ఒప్పుకోం. కానీ మేత నేల తగ్గింది, ఆ తగ్గినదాని మీద అన్ని గొడ్లూ నిలిచాయి. వేరుశనగ వచ్చాక దాని కట్టె మేతకు పనికొచ్చింది గనుక కొన్నాళ్లు గడ్డి లోటు తెలియలేదు. వేరుశనగ ఎండినేడు కట్టె కూడా లేదు, బీడులో గడ్డీ లేదు. అప్పుడే ఎనుములను సంతకు తోలడం మొదలైంది. పన్నెండు నెలలు సాకి, అప్పు తీరకముందే సగం ధరకు అమ్ముకున్న అక్కలు ప్రతి గ్రామైక్య సంఘంలోనూ ఉన్నారు. మన పాత పుస్తకాల్లో మొండి బకాయి అని రాసినవాటిలో చాలావరకు గడ్డి బకాయిలే.

ఇప్పుడు మన తప్పు. ఆరేళ్ల కిందట బీడును బాగు చేద్దామని సమాఖ్యలో తీర్మానం చేశాం. ఎనుముల అప్పు తీసుకున్న సభ్యులు అడిగారు, కమిటీలో ఉన్నవాళ్లం కూడా ఎక్కువమంది ఎనుములున్నవాళ్లమే. ముళ్లకంచె వేయించాం, కాపలా మనిషిని పెట్టాం, లోపలికి వచ్చిన ప్రతి జీవానికీ జరిమానా అని దండోరా వేయించాం. తొలి వానకు గడ్డి మొలిచింది, మాకు ఎక్కడలేని సంతోషం. రెండో నెలలో రాత్రిపూట కంచె తెగింది. మళ్లీ కట్టాం, మళ్లీ తెగింది. ఒకరోజు కాపలా మనిషి ఏడు మేకలను పట్టి కట్టేశాడు. అవి మన సంఘం సభ్యురాలివే. ఎండలో నీళ్లు లేక అందులో ఒక సూడి మేక చనిపోయింది. ఆ అక్కకు భూమి లేదు, ఎనుము లేదు, భర్త లేడు. ఆ మేకలే ఆమె బ్యాంకు. ఆమె ఎవరినీ తిట్టలేదు. మరుసటి సమావేశానికి వచ్చి, పొదుపు పుస్తకం మా ముందర పెట్టి, "మీరు కూడా పుల్లరి వసూలు చేస్తారని నాకు తెలీదమ్మా" అని వెళ్లిపోయింది. ఆ పుల్లరి మాట ఆమెకు వాళ్ల నాయనమ్మ నుంచి వచ్చింది. మాకు మాత్రం దాని అర్థం ఆ రోజే తెలిసింది. కంచె ఆ ఎండాకాలం పొయ్యిల్లోకి పోయింది. మేకకు డబ్బు ఇవ్వాలని మాలో కొందరం అన్నాం, ఇవ్వక్కరలేదని కొందరం అన్నాం. ఇచ్చేసరికి ఏడాది పట్టింది. అది రాయకుండా వదిలేస్తే ఈ చరిత్ర సగం అబద్ధం అవుతుంది.

మళ్లీ బీడు మాటెత్తడానికి మాకు ధైర్యం వచ్చింది ఒక శిక్షణలో విన్న కథతో. హర్యానాలో, చండీగఢ్‌కు దగ్గర్లో, శివాలిక్ కొండల కింద సుఖోమాజ్రి అని ఒక చిన్న ఊరుంది. కథ ఊళ్లో మొదలవ్వలేదు, పట్నంలో మొదలైంది. చండీగఢ్‌లో 1958లో సుఖ్నా అని ఒక పెద్ద చెరువు కట్టారు. పదిహేనేళ్లు గడవకముందే అందులో ఒండ్రు నిండసాగింది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందని నేల, నీటి పరిరక్షణ పరిశోధన కేంద్రం వాళ్లు వంకల వెంట పైకి నడుచుకుంటూ పోయారు. వాళ్లలో పి.ఆర్. మిశ్రా అనే శాస్త్రవేత్త ఉన్నాడు. మట్టి వస్తున్నది సుఖోమాజ్రి పైన ఉన్న బోడికొండ నుంచి. ఊరి మేకలూ గొడ్లూ ఆ కొండను ఒట్టి రాయి చేశాయి. వానకు కొండ కోసుకుపోయి ఊరి పొలాలను కూడా తింటోంది.

మేకలను తోలొద్దని చెబితే ఊరు వినలేదు. ఎందుకు వింటుంది? పట్నంలో చెరువు బాగుంటే వాళ్లకేమొస్తుంది? తర్వాత పరిశోధకులు ఒక చిన్న మట్టికట్ట వేశారు, అది 1976. ఉద్దేశం ఒండ్రు ఆపడమే. కానీ దానివెనక నిలిచిన నీళ్లు చూసి, ఎండిపోతున్న పైరుకు ఇవ్వమని ఊరి రైతులు అడిగారు. నీళ్లు పారిన పైరు పండింది. అప్పుడు ఊరికి ఒక సంగతి అర్థమైంది: కొండ మీద గడ్డి లేకపోతే మట్టి దిగుతుంది, మట్టి దిగితే మడుగు పూడుతుంది, మడుగు పూడితే పైరు లేదు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. నీళ్లు అందేది కట్ట కింద పొలమున్న ఇళ్లకు. కొండ మీద మేత మానుకోవాల్సింది అందరూ, అందులోనూ భూమి లేని మేకల వాళ్లు. "మీ పైరు కోసం నా మేకలు పస్తుండాలా?" అని వాళ్లు అడగరా? ఆ ఊరు దీనికి చేసిన ఏర్పాటు ఏమంటే, నీటిలో ప్రతి ఇంటికీ సమాన వాటా. భూమి ఉన్నా లేకున్నా ఒకటే వాటా. భూమి లేనివాళ్లు తమ వాటా నీళ్లను భూమి ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. ఆ తర్వాత కొండకు ముళ్లకంచె అవసరం పడలేదు. ఎవరి జీవాలను వాళ్లే ఆపుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు సామాజిక కంచె అని అర్థం.

కొండ మీద భాబ్బర్ అనే గడ్డి ఉండేది. లేతలో పశువుకు మేత, ముదిరితే తాళ్లకూ కాగితానికీ పనికొస్తుంది. అంతకుముందు దాన్ని అటవీ శాఖ కాంట్రాక్టరుకు పాటకిచ్చేది. ఊరి సంఘం అదే డబ్బు తాము కడతామని అడిగి ఆ పాట తమ చేతికి తీసుకుంది. 1976లో హెక్టారుకు, అంటే మన రెండున్నర ఎకరాలకు, 40 కిలోల గడ్డి కూడా దాటని కొండ 1992 నాటికి 3 టన్నులు ఇచ్చిందని లెక్కలు రాశారు. మేకలు తగ్గి ఎనుములు పెరిగాయి, పాలు పెరిగాయి. ఊరికే పొగడటం మా పని కాదు గనుక ఇంకొకటి కూడా చెబుతాం. తర్వాతి కాలంలో గడ్డి ఆదాయంలో సర్కారు వాటా ఎంత, ఊరి వాటా ఎంత అని అక్కడా పేచీలు వచ్చాయి, మడుగుల్లో పూడికా పడింది. ఏ ఏర్పాటూ ఒకసారి చేసి వదిలేస్తే నిలవదు.

ఈ కథ విని ఇంటికొచ్చే బస్సులో మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. అందరికీ ఆ సూడి మేకే గుర్తొచ్చింది. అక్కడివాళ్లు రూలు కంటే ముందు వాటా తేల్చారు. మేము జరిమానా ముందు రాశాం, వాటా అసలు రాయనేలేదు.

రెండోసారి పని ఈ వరుసలో చేశాం. మొదట మేకల వాళ్ల ఇళ్లకు పోయాం, సమావేశానికి రమ్మని పిలవలేదు. ఇద్దరు మా ముఖం మీదే తలుపు వేశారు. మూడోసారి పోతే కూర్చోమన్నారు. వాళ్లు అడిగినవి మూడే. బీడంతా ఒక్కసారి మూయొద్దు, మూడో వంతు మూయండి, మిగతాదానిలో మా జీవాలు మేయాలి. మూసిన చోట కోసిన గడ్డిలో మాకు మొదటి వరుస, ఎనుముల్లేవని వాటా తగ్గించొద్దు. తుమ్మ కొడితే కట్టె మాకు. ఈ మూడూ తీర్మానం పుస్తకంలో ఎక్కించి, చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకున్నాకే మూడో వంతు మూశాం. కంచె వేయలేదు. నాలుగు మూలలా సున్నం కొట్టిన రాళ్లు పాతాం, అంతే.

వాలుకు అడ్డంగా కందకాలు ఉపాధి హామీ పనుల్లో తవ్వాం. ఆ పథకం 2006లో మొదలైంది కూడా మన పక్కన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కందకం అంటే లోతైన గొయ్యి కాదు, పరిగెత్తే నీటిని నడిపించేది. తవ్విన మట్టి దిగువ వైపే గట్టుగా వేయాలి. కొన్ని చోట్ల మేస్త్రీ మాట విని ఎగువకు వేశాం, తొలి వానకే మట్టి తిరిగి కందకంలో పడింది. తుమ్మను పైన కొడితే లాభం లేదని తెలుసు కాబట్టి వేరుదుంపతో సహా పెకలించాం. అది చాలా కష్టమైన పని, ఒక మొద్దుకు ఇద్దరికి అరపూట పట్టేది. వంక పక్కన కొన్ని చెట్లు కావాలనే వదిలేశాం, వంటచెరకుకు.

యూరియా చల్లుదామని ఒక చర్చ వచ్చింది. అప్పుడు వ్యవసాయ కళాశాలలో చదివే మన సభ్యురాలి కూతురు ఒక సంగతి చెప్పింది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట ఒకే గడ్డిచేనును ముక్కలు చేసి 1856 నుంచి ఈనాటి దాకా పరీక్షిస్తున్నారట. ఏమీ వేయని ముక్కలో దాదాపు నలభై రకాల మొక్కలు కలిసి పెరుగుతాయి. సున్నం లేకుండా ఏటేటా అమోనియా ఎరువు వేసిన ముక్కలో నేల పులిసిపోయి రెండు మూడు రకాలే మిగిలాయి. మన నేల వేరు, మన వాన వేరు. అయినా ఉచితంగా వచ్చిన సలహా వినడానికి నష్టమేముందని యూరియా మానేశాం. దాని బదులు స్టైలో అనే పప్పుజాతి మేతమొక్క విత్తనం చల్లాం. కంది, పెసరలాగా ఇది కూడా వేళ్లలో నత్రజని పట్టి నేలకిస్తుంది, పశువుకూ బలం. అనంతపురం వైపు రైతులు దీని విత్తనం పండించి అమ్మేవాళ్లు. గింజ తోలు గట్టిది, మరిగించి కొంచెం చల్లార్చిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు వేసి, ఆరబెట్టి చల్లాలి. నేరుగా చల్లినవాళ్ల గింజ మొలవలేదు.

మొదటి ఏడు గడ్డి కంటే వయ్యారిభామ ఎక్కువ వచ్చింది. ఊళ్లో నవ్వారు. పూత రాకముందే చేతులకు గుడ్డలు కట్టుకుని పీకాం. ఆ ఏడు ఏమీ కోయలేదు, వచ్చిన కొద్ది గడ్డినీ గింజ రాలనిచ్చాం. మేకల వాళ్లకు ఆ ఏడు వాటా కింద ఇవ్వడానికి గడ్డి లేదు కదా, సమాఖ్య నిధి నుంచి వరిగడ్డి కొని ఇచ్చాం. దీని మీద కమిటీలో పెద్ద గొడవైంది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ వరిగడ్డి బండ్లే బీడును నిలబెట్టాయని మా అభిప్రాయం. మాట నిలుపుకున్నారని వాళ్లకు అప్పుడే నమ్మకం కుదిరింది. బయటి ఊరి జీవాలు వస్తే తరిమింది కూడా వాళ్లే.

రెండో ఏడు ముసలమ్మలను బీడుకు తీసుకుపోయాం. ఒక అవ్వ వంగి ఒక గడ్డి మొదలు పట్టుకుని చూసి, "ఇది మళ్లీ వచ్చిందే!" అని అక్కడే కూలబడింది. ఎవరూ విత్తనం తేలేదు. ఎక్కడో రాళ్ల సందున, పొదల నడుమ బతికి ఉన్నదే పాకింది. ఆ ఏడు కోత కోశాం. కోతలో నేర్చుకున్నది కూడా రాస్తున్నాం, మిగతా ఊళ్లవాళ్లకు పనికొస్తుంది. గడ్డి పూత మీద కోస్తే పశువుకు బలం, గింజ రాలాక కోస్తే బీడుకు బలం. రెండూ కావాలంటే బారలు బారలుగా విడదీసి, ఒక బార పూతలో కోసి పక్క బార గింజకు వదలాలి, మరుసటి ఏడు మార్చుకోవాలి. నేలకంటా గీకొద్దు, నాలుగు వేళ్ల మొదలు వదలాలి. కోసింది రెండు మూడు ఎండలు తిప్పి తిప్పి ఆరేయాలి. చెమ్మ ఉండగానే వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. మొదటి వామి అట్లాగే పాడైంది. వామి కింద రాళ్లు పేర్చి, పైన కట్టె వేసి, దాని మీద గడ్డి వేస్తే చెద పట్టదు.

మిగిలిన రెండు వంతుల సంగతి ఈ మహాసభలో తేల్చాలి. రెండో వంతును మూయాలా అన్నది మొదటి ప్రశ్న. మేకల వాళ్లు ఒప్పుకున్నారు, కానీ మొదటి వంతులో ఎండాకాలం రెండు నెలలు జీవాలను వదలాలని అడుగుతున్నారు. గడ్డి ఎండిపోయి గింజ రాలాక మేపితే నష్టం తక్కువ, తొలి వానకు ముందే బయటికి తోలాలి. మా కమిటీ దీనికి సుముఖంగా ఉంది. ఇంకొకటి, బీడును ఎవరికో కౌలుకిస్తే పంచాయతీకి డబ్బు వస్తుందని ఒక మాట ఊళ్లో తిరుగుతోంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి ఊరికి తిరిగి అప్పగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబు ఊరి కేసులో చెప్పింది, అన్ని రాష్ట్రాలకూ ఆ మాట వర్తించేట్టు చెప్పింది. ఆ తీర్పు తెలుగు నకలు సమాఖ్య కార్యాలయంలో పెడుతున్నాం. మన బీడు కాగితంలో మేత పోరంబోకుగానే ఉందో లేదో ప్రతి గ్రామైక్య సంఘం నుంచి ఇద్దరు పోయి అడంగల్ చూసి రావాలి. చదవడం రాకపోతే పిల్లలను తీసుకుపోండి.

ఈ ఏటి కోత దీపావళి దాటిన రెండో సోమవారం. కొడవళ్లు, తాళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, నీళ్ల కుండలు సమాఖ్య పెడుతుంది. వరుస చీటీలు ముందురోజు సాయంత్రం పంచుతాం. మేక పోయిన ఆ అక్క సంఘంలోకి ఇంకా తిరిగి రాలేదు. అడిగితే చూద్దాంలే అంటుంది. కిందటేడు కోతకు మాత్రం వచ్చింది. ఒకటో నంబరు చీటీ ఆమెదే, ఈ ఏడు కూడా.